అక్యూజటివ్ కేసులో నిందితుడు ఎవరు?

ముందుగా ప్రశ్న ఏమిటో చెప్తాను. జర్మన్ నేర్చుకుంటున్న ఒకరు ఇలా అడిగారు: "అక్యూజటివ్ కేస్ అంటే మన ద్వితీయా విభక్తి లాంటిదని క్లాసులో చెప్పారు. నిఘంటువు తీస్తే దాని లాటిన్ మూలానికి 'నేరం మోపేది' అనే అర్థం కనిపించింది. 'అన్నం తిన్నాను' అంటే అన్నం మీద నేరం మోపినట్టా? రోమన్లు గ్రీకు మాటను తప్పుగా అనువదించడం వల్ల ఇలా జరిగిందని ఎక్కడో చదివాను. నిజమేనా? అసలు ఈ కేసుకీ కోర్టు కేసుకీ చుట్టరికం ఉందా?"

చుట్టరికం ఉంది. తప్పు అనువాదం అనే మాట మాత్రం సగమే నిజం. భాషాశాస్త్రం పాఠాల్లో దీన్ని ఒక జోకులా చెప్పి వదిలేయడం మామూలు. ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

కేస్ అన్న మాటతోనే మొదలుపెడదాం. లాటిన్‌లో 'కడెరె' అంటే పడటం, దాని నుంచి వచ్చిన 'కాసుస్' అంటే పాటు. పొరపాటు, గ్రహపాటు అంటామే, ఆ పాటే. మనమూ "పని పడింది", "అవసరం పడింది" అంటాం కదా, జరిగేదేదైనా వచ్చి మీద పడేదే. కాసుస్ కూడా అలాగే 'సంభవించినది', 'సందర్భం' అనే అర్థాల్లోకి వెళ్లి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో కేస్ అయింది. పోలీస్ స్టేషన్‌లో రాసే కేసు, ఆస్పత్రిలో డెంగీ కేసు, వ్యాకరణంలో కేసు, మూడూ ఒకటే మాట. యాక్సిడెంట్, ఛాన్స్, క్యాజువల్ కూడా ఆ 'కడెరె' సంతానమే. సూట్‌కేసులో ఉన్న కేసు మాత్రం ఈ ఇంటిది కాదు. అది పెట్టె అనే అర్థమున్న 'కాప్సా' నుంచి వచ్చింది.

నామవాచకం రూపం మారితే దాన్ని పడటం అనడమేమిటి? ఇక్కడ రోమన్లు సొంతంగా ఆలోచించలేదు, గ్రీకు మాటను ఉన్నదున్నట్టు దించుకున్నారు. గ్రీకులో 'పిప్టెయిన్' అంటే పడటం, 'ప్టోసిస్' అంటే పడిపోవడం. కంటి డాక్టర్లు కనురెప్ప వాలిపోతే టోసిస్ అంటారు, అదీ ఇదే మాట. రోగ లక్షణాన్ని సింప్టమ్ అనడంలోనూ ఈ పిప్టెయినే ఉంది.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఈ ప్టోసిస్‌ను చాలా విశాలమైన అర్థంలో వాడాడు. ఫిలోన్ అనేది నామం, 'ఫిలోన్ యొక్క', 'ఫిలోన్‌కు' అనేవి నామాలు కావు, నామం నుంచి జారిన రూపాలు అన్నాడు. క్రియకు భూత భవిష్యత్ రూపాలు కూడా ఆయన లెక్కలో ప్టోసిస్‌లే. 'న్యాయమైన' అనే విశేషణం నుంచి 'న్యాయంగా' వస్తే అదీ ప్టోసిసే. తర్వాత వచ్చిన స్తోయిక్ తత్త్వవేత్తలు దాన్ని నామవాచకాలకు పరిమితం చేశారు. వాళ్లలో క్రిసిప్పస్ అయిదు ప్టోసిస్‌ల గురించి ఒక గ్రంథమే రాశాడట. గ్రంథం పోయింది, జాబితాలో పేరు మిగిలింది.

స్తోయిక్కులు ఇంకో పని కూడా చేశారు. కర్త రూపాన్ని, అంటే మన ప్రథమా విభక్తిని, కూడా ప్టోసిస్‌ల్లో కలిపేసి 'ఒర్థే ప్టోసిస్' అన్నారు. ఒర్థే అంటే నిటారుగా ఉన్నది. అరిస్టాటిల్ వర్గం వాళ్లు ఊరుకుంటారా? మిగతావి నామం నుంచి పడ్డాయన్నారు, బాగుంది, మరి నామం దేని నుంచి పడింది? పడినది నిటారుగా ఎలా ఉంటుంది? ఈ తగువును అలెగ్జాండ్రియాలో అమ్మోనియస్ అనే వ్యాఖ్యాత తర్వాతి కాలంలో రాసిపెట్టాడు. స్తోయిక్కుల జవాబు ఇది: నామం మన మనసులో ఉన్న భావం నుంచి పడుతుంది. రాసే గంటాన్ని పైనుంచి వదిలితే మొన నేలలో గుచ్చుకుని నిలబడుతుంది, అది పడిందీ నిజమే, నిటారుగా ఉన్నదీ నిజమే. తాటాకుల మీద గంటంతో రాసిన సంప్రదాయం మనది కాబట్టి ఈ జవాబు మనకు వాళ్లకంటే బాగానే కంటికి కడుతుంది. వాదనగా నాకు నచ్చలేదు, అది వేరే సంగతి.

ఆ నిటారు రూపం లాటిన్‌లో 'రెక్తుస్' అయింది, వాలిన రూపాలు 'ఒబ్లికుస్' అయ్యాయి. ఈనాటికీ భాషాశాస్త్రంలో ఆబ్లిక్ అనే మాట బతికే ఉంది. తెలుగులో ఇల్లు నిటారు, ఇంటి వాలుడు. ఇల్లుకు, ఇల్లులో అనం, ఇంటికి, ఇంటిలో అంటాం. ఊరు, ఊరి. కాలు, కాలి. ద్రావిడ భాషాశాస్త్రవేత్తలు దీన్ని ఆబ్లిక్ స్టెమ్ అంటారు. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్లకు ఔపవిభక్తికాలు గుర్తొస్తే సరిగ్గా గుర్తొచ్చినట్టే.

ఇక అసలు నిందితుడి దగ్గరకు వద్దాం.

గ్రీకు వ్యాకరణంలో కర్మ రూపానికి పేరు 'ఐతియాతికే'. ఇందులో ఉన్నది 'ఐతియా'. ఈ మాటకు రెండు ముఖాలు. ఒకటి నింద, నేరం. గ్రీకు ఇతిహాసం ఇలియడ్‌లో ట్రాయ్ గోడ మీద ముసలి రాజు ప్రియామ్ హెలెన్‌తో "నా దృష్టిలో తప్పు నీది కాదమ్మా, దేవతలదే" అనే చోట వాడిన మాట ఇదే కుటుంబానిది. రెండోది కారణం. అరిస్టాటిల్ చెప్పిన నాలుగు కారణాలూ 'ఐతియా'లే. వైద్య విద్యార్థులు రోగ కారణాల అధ్యయనాన్ని ఏటియాలజీ అంటారు, అక్కడున్నదీ ఐతియాయే. రెండు అర్థాలు ఒకే మాటలో ఎలా ఇమిడాయని ఆశ్చర్యపోనక్కర్లేదు. "ఇదంతా నీ వల్లే" అని ఇంట్లో ఎవరైనా అంటే అది కారణం చెప్పడమా, తిట్టడమా? రెండూనూ.

ఐతియా నుంచి రెండు మాటలు పుట్టాయి. 'ఐతియాస్థాయ్' అంటే నిందించడం. 'ఐతియాతోన్' అంటే కారణం వల్ల కలిగినది, అంటే కార్యం. కార్యకారణ సంబంధం గురించి రాసేటప్పుడు అరిస్టాటిల్ ఈ ఐతియాతోన్‌ను ఆ అర్థంలోనే వాడాడు. 19వ శతాబ్దంలో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ తత్త్వవేత్త దీన్ని పట్టుకున్నాడు. ఐతియాతికే అనే పేరు నిందించడం నుంచి కాదు, ఈ ఐతియాతోన్ నుంచి వచ్చిందన్నాడు. అలా చూస్తే అది 'క్రియ వల్ల కలిగినదాన్ని సూచించే విభక్తి' అవుతుంది. "ఇల్లు కట్టాడు" అనే వాక్యానికి ఇది సరిగ్గా అతుకుతుంది, కట్టడం వల్లే ఇల్లు కలిగింది. "ఇల్లు చూశాడు" దగ్గర కొంచెం ఇబ్బంది, చూడటం వల్ల ఇంటికి ఒరిగిందేమీ లేదు. అయినా పేరు పెట్టేవాడు ముఖ్యమైన వాడుకను చూసి పెడతాడు, అన్ని వాడుకలనూ చూసి కాదు.

రోమ్‌లో ఈ పేర్లను లాటిన్‌లోకి తెచ్చినవాళ్లలో మనకు గ్రంథం దొరికిన తొలి మనిషి వర్రో, క్రీ.పూ. 1వ శతాబ్దం వాడు. లాటిన్ భాష మీద ఆయన రాసిన 25 భాగాల్లో 5 నుంచి 10 వరకు మాత్రమే మిగిలాయి. ఆయన ఈ విభక్తిని 'అక్యూజటివ్' అని కూడా అనలేదు, 'నిందించే పాటు' అన్నాడు, అక్కడ 'అక్కూసాందీ' అనే రూపం వాడాడు. నేటి పేరుకు మూలమైన 'అక్కూసాతీవుస్' క్రీ.శ. 1వ శతాబ్దంలో క్విన్టిలియన్ రాతల్లో కనిపిస్తుంది. ఐతియాతికేలో కారణం, నింద రెండూ ఉండగా రోమన్లు నిందను పట్టుకున్నారు. పాఠాల్లో చెప్పే జోకు ఇక్కడితో అయిపోతుంది.

జోకులో చెప్పని సంగతి ఒకటుంది. లాటిన్ 'అక్కూసారె'ను విడదీసి చూడండి, లోపల ఉన్నది 'కౌసా'. ఇంగ్లీషు కాజ్ అంటే కారణం అన్న మాట దాని నుంచే వచ్చింది. రోమ్‌లో కౌసా అంటే కారణమూ, కోర్టు వ్యాజ్యమూ. ఒకరిని వ్యాజ్యంలోకి ఈడ్చడమే అక్కూసారె, అందులోంచి బయటపడటం ఎక్స్‌క్యూజ్. అంటే గ్రీకు ఐతియాకు ఉన్న రెండు ముఖాలూ లాటిన్ కౌసాకు కూడా ఉన్నాయి. వర్రో ఎంచుకున్న మాట వేరు పట్టి చూస్తే అంత దూరమేమీ పోలేదు, కాకపోతే కొమ్మ దగ్గర పక్కదారి పట్టింది. క్రీ.శ. 500 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో లాటిన్ బోధించిన ప్రిస్కియన్ ఈ విభక్తికి రెండు పేర్లూ ఇచ్చాడు: 'అక్కూసాతీవుస్, లేదా కౌసాతీవుస్'. ఆయన ఇచ్చిన ఉదాహరణ "మనిషిని నిందిస్తున్నాను". రెండో పేరు నిలబడి ఉంటే ఈ ప్రశ్న మీకు వచ్చేది కాదు.

అందుకే వర్రోను 'తప్పు అనువాదకుడు' అనడం నాకు ఇష్టం ఉండదు. ట్రెండెలెన్‌బర్గ్ చెప్పింది నాకు సబబుగానే తోస్తుంది. కానీ వర్రో కాలానికి గ్రీకు మాట మోసుకొస్తున్న అర్థాల్లో నింద కూడా ఉంది. వాటిలో ఒకటి ఎంచుకోవడాన్ని తప్పు అనడం కంటే చెడ్డ ఎంపిక అనడం న్యాయం.

ఆ ఎంపిక మాత్రం చాలా దూరం ప్రయాణించింది. క్రీ.శ. 1000 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఏల్‌ఫ్రిక్ అనే క్రైస్తవ సన్యాసి లాటిన్ వ్యాకరణాన్ని నాటి ఇంగ్లీషులో రాశాడు. విభక్తుల లాటిన్ పేర్లన్నిటికీ దేశీయ మాటలు కల్పిస్తూ ఈ విభక్తికి 'నిందించేది' అనే అర్థం వచ్చే మాట పెట్టాడు. పాపం, శ్రద్ధగా అనువదించినవాడే దోషాన్ని మరింత గట్టిపరిచాడు. రష్యన్‌లో ఇది 'వినీతెల్నీ పదేజ్'. 'వినా' అంటే ఈనాటి రష్యన్‌లో నేరం, పాత స్లావిక్‌లో కారణం కూడా. పదేజ్‌లో ఉన్నది 'పడు' అనే ధాతువే. అంటే అక్కడ గ్రీకు నమూనా రెండు చోట్లా దిగింది, రెండర్థాలతో సహా. మీరు నేర్చుకుంటున్న జర్మన్‌లో విభక్తిని 'ఫాల్' అంటారు, ఆ మాటకు పడటం అనే అర్థం కూడా ఉంది. అక్కడి బడి పిల్లలకు మాత్రం ఈ లాటిన్ గోలంతా లేకుండా 'ఎవరు' ఫాల్, 'ఎవరికి' ఫాల్, 'ఎవరిని' ఫాల్ అని ప్రశ్నలతోనే పేర్లు చెప్తారు. మన బడిలో "ఎవరిని? దేనిని?" అని ప్రశ్న వేసి కర్మను పట్టుకోమంటారే, ఆ పద్ధతే. నన్నడిగితే ఇంతకంటే మంచి పేర్లు లేవు.

జెనిటివ్‌ది కూడా ఇలాంటి కథే, చిన్నది. జెనిటివ్ అంటే 'యొక్క' అని సంబంధం చెప్పే విభక్తి. గ్రీకు 'గెనికే' అంటే జాతికి, వర్గానికి సంబంధించినది. లాటిన్‌లో అది 'గెనెతీవుస్' అయింది, అంటే పుట్టుకకు సంబంధించినది. వర్రో అయితే 'తండ్రిది' అన్నాడు. 'ఫలానావాడి కొడుకు' అని చెప్పేటప్పుడు తండ్రి పేరు ఈ విభక్తిలో వస్తుంది కాబట్టి అదీ అర్థంలేని పేరు కాదు. మిగతా వాలు రూపాలను కనేది ఇదే అని ప్రిస్కియన్ ఇంకో సమర్థన చెప్పాడు. పేరు ముందు పుట్టింది, కారణాలు తర్వాత వెతుక్కున్నారు.

డేటివ్ ('ఎవరికి' అని చెప్పేది), ఆబ్లేటివ్ ('దేని నుంచి' అని చెప్పేది) దగ్గర మాత్రం కాస్త ఆగాలి. డేటివ్‌కు గ్రీకు మూలం 'దోతికే', లాటిన్ 'దతీవుస్', రెండూ ఇవ్వడం అనే ధాతువు నుంచే. సంస్కృతంలో 'దా' ధాతువుకు ఇవి అక్షరాలా దాయాదులు. పాణిని చెప్పిన కారకాల్లో చతుర్థికి సంబంధించినది సంప్రదానం, అందులోనూ ఆ 'దా'యే ఉంది. ఆబ్లేటివ్ గ్రీకులో లేదు. అది లాటిన్‌కు అదనంగా ఉన్న విభక్తి, అందుకే వర్రో దాన్ని 'ఆరోది' అన్నాడు, 'లాటిన్‌ది' అన్నాడు. తర్వాత స్థిరపడ్డ పేరుకు అర్థం 'తీసుకుపోయేది'. పాణిని పంచమికి చెప్పిన అపాదానం కూడా తీసివేయడమే. ఇచ్చేదొకటి, తీసుకుపోయేదొకటి, రెండు చోట్లా ఒకే ఊహ. ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారనడానికి ఆధారం లేదు. ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కడైనా ఒకటే కాబట్టి పేర్లు కలిశాయనుకోవాలి.

పాణినికీ గ్రీకులకూ తేడా ఇంకోచోట ఉంది. ఆయన ప్రత్యయాలకు అంకెలే పేర్లుగా పెట్టాడు: ప్రథమ, ద్వితీయ, తృతీయ. అర్థానికి సంబంధించిన పాత్రలకు వేరే పేర్లు పెట్టాడు: కర్త, కర్మ, కరణం. కర్మ అంటే 'కర్తురీప్సితతమం', కర్త అన్నిటికన్నా ఎక్కువగా కోరుకునేది. నింద లేదు, నేరం లేదు. ఇంకా ముఖ్యం, కర్మ వేరు, ద్వితీయ వేరు. "రావణుడు రాముడి చేత చంపబడ్డాడు" అన్నప్పుడు రావణుడు కర్మే, కానీ ఉన్నది ప్రథమలో. అందుకే అక్యూజటివ్‌కు 'కర్మ కారకం' అని రాసేవాళ్లను నేను దిద్దుతుంటాను. రూపం పేరు కావాలంటే ద్వితీయా విభక్తి అనాలి. పడమటి వ్యాకరణం రూపానికీ పాత్రకూ ఒకే పేరు పెట్టి, రెండు వేల ఏళ్లు ఆ చిక్కును మోసింది.

అంకెలతో మనకూ ఒక చిక్కు ఉంది, మీకు అవసరం కాబట్టి చెప్తున్నాను. డేటివ్ అంటే చతుర్థి అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. మన బడిలో బట్టీ పట్టిన పట్టిక గుర్తు చేసుకోండి: కొఱకున్, కై చతుర్థి. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠి. అంటే "రాముడికి పుస్తకం ఇచ్చాను" అనే వాక్యంలో ఆ 'కి' సంప్రదాయ వ్యాకరణం ప్రకారం షష్ఠి! తమిళంలో ఇదే 'కు' తొల్కాప్పియం అనే ప్రాచీన వ్యాకరణం లెక్కలో నాలుగోది. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషలన్నిటినీ పోల్చి రాసినప్పుడు ఈ 'కు'ను డేటివ్ కిందే పెట్టాడు. తెలుగులో ఇది ఆరో గదిలోకి ఎందుకు పోయిందంటే, ప్రాకృతంలో చతుర్థి స్థానాన్ని చాలావరకు షష్ఠి ఆక్రమించింది, మన వ్యాకర్తలు ఆ నీడలో రాశారని నా ఊహ. ఏమైనా డేటివ్‌ను తెలుగులో చెప్పాల్సి వస్తే 'చతుర్థి' అని తప్పుదారి పట్టించకుండా 'కు విభక్తి' అనడం మేలు.

జర్మన్ నేర్చుకునేటప్పుడు ఈ 'కు' మీకు ఉచితంగా వచ్చిన ఆస్తి. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు "ఐ లైక్ ఇట్" అన్న అలవాటుతో, నచ్చడం అనే 'గెఫాలెన్' దగ్గర తడబడతారు. మనకు "నాకు నచ్చింది" అన్నా, వాళ్ల "ఎస్ గెఫేల్ట్ మియర్" అన్నా ఒకటే కట్టుబడి. "నాకు చలిగా ఉంది" అన్నదానికి "మియర్ ఇస్ట్ కాల్ట్", ఇక్కడా డేటివే. ఇచ్చిందీ లేదు, పుచ్చుకున్నదీ లేదు, అయినా 'ఇచ్చే విభక్తి'. సాయం చేసే 'హెల్ఫెన్'కు డేటివ్, మనం కూడా అతనికి సాయం చేస్తాం. అడిగే 'ఫ్రాగెన్'కు అక్యూజటివ్, మనం కూడా అతన్ని అడుగుతాం.

ఎక్కడ పొసగదో కూడా తెలియాలి. ఫోన్ చేసే 'ఆన్‌రూఫెన్'కు జర్మన్‌లో అక్యూజటివ్, మనం నీకు ఫోన్ చేస్తాం. వెంబడించే 'ఫోల్గెన్'కు డేటివ్, మనం అతన్ని వెంబడిస్తాం. ఇంకొక తేడా: ప్రాణం లేని కర్మకు మనం తరచూ 'ను' వదిలేస్తాం, "పుస్తకం చదివాను" చాలు. జర్మన్‌లో అలా వదలడానికి కుదరదు. పుంలింగ పదాల ముందున్న 'డేర్' అక్యూజటివ్‌లో 'డెన్' అయి తీరాలి. స్త్రీలింగ, నపుంసక పదాల్లో మార్పు లేదు కాబట్టి ముందు పుంలింగ పదాలతో సాధన చేయండి.